రిలేల టైమ్ తప్పుతోందా? కొత్త మాస్టర్ క్లాక్ కొనే ముందు ఈ కొర్లగుంట షాపుకు ఫోన్ చేయండి

షాపు తిరుపతి కొర్లగుంటలో ఉంది. లీలామహల్ సర్కిల్ నుంచి లోపలికి తిరిగే సందుల్లో ఒక మేడ మీద. కింద టైలర్ కొట్టు, పక్కన ఇడ్లీ బండి. బోర్డు మీద ఇప్పటికీ ‘టీవీ, స్టెబిలైజర్, ఇన్వర్టర్ రిపేరు’ అనే ఉంటుంది. లైన్‌లో ఫాల్ట్ వస్తే బ్రేకర్‌ను పడగొట్టే రిలేలకు టైమ్ సిగ్నల్ సరిచేసేవాళ్ళు ఆ మెట్ల పైన ఉంటారని ఎవరూ అనుకోరు. నాకూ ప్యానెల్ బోర్డులు చేసే ఒక కాంట్రాక్టర్ చెబితేనే తెలిసింది. నడిపేది తండ్రీ కూతుళ్ళు. ఆయనది ఎన్నో ఏళ్ళుగా టీవీలు, వైర్‌లెస్ సెట్లు విప్పిన చెయ్యి. అమ్మాయి ఇక్కడే ఈసీఈ చదివి, బెంగళూరులో కొన్నాళ్ళు పనిచేసి తిరిగొచ్చింది. కేబుల్, కనెక్టర్, స్కోపు (సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపించే పరికరం) ఆయన చూస్తాడు. సెట్టింగులు, మాన్యువల్స్ ఆమె చూస్తుంది.

ముందే చెబుతున్నా, పనికి వంక పెట్టలేం. మిగతా విషయాలకు మాత్రం ఓపిక కావాలి.

నేను రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను. మాకు 33 కేవీ సప్లై. కరెంటు లోపలికి వచ్చే ఇన్‌కమర్‌కు, దాన్నుంచి విడిపోయే ప్రతి ఫీడర్‌ లైన్‌కు ఒక్కో న్యూమరికల్ రిలే ఉంది. వాటన్నిటికీ ఒకే టైమ్ ఇవ్వడానికి కంట్రోల్ రూమ్‌లో జీపీఎస్ మాస్టర్ క్లాక్ ఉంది. దాన్నుంచి ఐరిగ్-బి అనే టైమ్ కోడ్ ఒక కోయాక్సియల్ కేబుల్ మీద బయలుదేరి, ప్రతి ప్యానెల్ దగ్గర ఒక టీ కనెక్టర్‌తో ఆగుతూ చివరిదాకా వెళ్తుంది.

మే నెలలో ఇక్కడ సాయంత్రం గాలీవాన ఎలా దిగుతుందో తిరుపతి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. లైన్ పడిపోతుంది. ముందు ఏ బ్రేకర్ పడింది, మాదా, అవతలి సబ్‌స్టేషన్‌దా అని వెంటనే ఫోన్లు మొదలవుతాయి. 50 హెర్ట్జ్ సప్లైలో ఒక సైకిల్ అంటే 20 మిల్లీసెకన్లు. రిలే పని రెండు మూడు సైకిళ్ళలో అయిపోతుంది. రెండు రిలేల గడియారాల మధ్య సెకన్లలో తేడా ఉంటే ఆ ఈవెంట్ లాగ్ చిత్తు కాగితమే. మా లాగ్ ఏం చెప్పిందంటే, ఇన్‌కమర్ పడిపోయిన నాలుగు సెకన్లకు దాని కింద ఉన్న ఫీడర్‌లో ఫాల్ట్ వచ్చిందట. “కరెంటే లేని ఫీడర్‌లో ఫాల్ట్ ఎట్లా వచ్చిందయ్యా?” అని మేనేజర్ అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

కొన్ని రిలేలలో ‘టైమ్ సింక్ ఫెయిల్’ అలారం వచ్చేది, పోయేది. మధ్యాహ్నం ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ. మాస్టర్ క్లాక్ మాత్రం ముందు ప్యానెల్ మీద పచ్చ లైటు వేసుకుని, సరైన టైమ్ చూపిస్తూ కూర్చుంది.

మొదట వేరే చోటి సర్వీస్ వాళ్ళను పిలిచాం. పేరు ఎందుకులెండి. వచ్చినతను క్లాక్ వెనక కేబుల్ బిగించే బీఎన్‌సీ కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ డీసీలో పెట్టాడు. ఒకటిన్నర వోల్ట్ దగ్గర ఊగింది. “ఐదు రావాలి సార్, ఒకటిన్నరే వస్తోంది, అవుట్‌పుట్ కార్డు పోయింది. ఈ మోడల్‌కు కార్డు దొరకదు, క్లాకే మార్చాలి” అన్నాడు. రెండు లక్షలు దాటిన కొటేషన్ అప్పుడే మెయిల్‌లో దిగింది. నాకు నమ్మకం కుదరలేదు. కార్డు పోతే అన్ని రిలేలూ పోవాలి కదా, సగం ఎందుకు బాగున్నాయి?

కొర్లగుంట పెద్దాయన వచ్చి చేసిన మొదటి పని కూడా అదే బీఎన్‌సీ ఊడదీయడం. కానీ ఆయన దానికి బ్యాటరీతో నడిచే చిన్న చేతి స్కోపు తగిలించాడు. కరెంటుతో నడిచే స్కోపు అయితే దాని గ్రౌండ్ క్లిప్పు కేబుల్ షీల్డును, అంటే పైజాలిని, నేరుగా ఎర్త్‌కు కలిపేస్తుంది. దాంతో ఉన్న జబ్బు మాయమవ్వొచ్చు, లేనిది రావొచ్చు. అందుకని పెద్ద స్కోపు షాపులోనే వదిలి వస్తాడట. తెర మీద చదరపు పల్సులు, నెత్తిన సరిగ్గా ఐదు వోల్ట్లు. “వోల్టేజి ఉండాది సార్. మీటరుకు కనబడలేదు, అంతే” అన్నాడు.

ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే నాకు రెండు లక్షలు మిగిలాయి. ఐరిగ్-బి మామూలు రకంలో సెకనుకు 100 పల్సులు, ఒక్కో పల్సుకు 10 మిల్లీసెకన్ల చోటు. పల్సు 2 మిల్లీసెకన్లు నిలబడితే సున్నా, 5 నిలబడితే ఒకటి, 8 నిలబడితే అది గుర్తు పల్సు. వరుసగా రెండు 8లు వచ్చాయంటే కొత్త సెకను మొదలైనట్టు. వంద పల్సుల్లో ఎక్కువ భాగం 2 మిల్లీసెకన్లవే కాబట్టి లైన్ చాలాసేపు సున్నా దగ్గరే ఉంటుంది. డీసీ మీటరు మొత్తం కలిపి సగటు చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఐదు వోల్ట్ల సిగ్నల్ మీద కూడా ఆ సగటు ఒకటిన్నర దగ్గరే వస్తుంది. మొదట వచ్చినతను కొలిచింది తప్పు కాదు, దానికి చెప్పిన అర్థం తప్పు.

తరువాత పెద్దాయన కేబుల్‌ను తిరిగి క్లాక్‌కు బిగించి, అదే చోట మళ్ళీ చూశాడు. పల్సు ఎత్తు 1.7 వోల్ట్లకు పడిపోయింది. ఆయన “ఊ” అని, మా స్టోర్‌లోని మామూలు మల్టీమీటరే అడిగి తీసుకున్నాడు. కేబుల్ చివరను క్లాక్ నుంచి విడదీసి ఓమ్స్‌లో పెట్టాడు. 50 రావాలి, ఎందుకంటే లైన్ చివర ఒకే ఒక 50 ఓమ్‌ల టర్మినేటర్ (సిగ్నల్ వెనక్కి కొట్టకుండా ఆపే రెసిస్టర్) ఉండాలి. వచ్చింది 25కు కాస్త ఎక్కువ. దానికి సమాంతరంగా ఇంకో 50 ఓమ్‌లు ఎక్కడో దాక్కుని, రెండూ కలిసి సగమవుతున్నాయన్నమాట.

దొరికింది నాలుగో ప్యానెల్‌లో. కొత్త ఫీడర్లు రాకముందు లైన్‌కు అదే చివర. అప్పట్లో ఆ రిలే లోపలే ఉన్న టర్మినేషన్ జంపర్ (50 ఓమ్‌లను లైన్‌కు కలిపే చిన్న క్లిప్పు) పెట్టి వదిలేశారు. తరువాత లైన్‌ను ముందుకు పొడిగించినవాళ్ళు కొత్త చివరన బుద్ధిగా ఒక టర్మినేటర్ బిగించారు, పాత రిలే లోపలి జంపర్ మాత్రం ఎవరూ తీయలేదు. మా క్లాక్ అవుట్‌పుట్‌లో వరుసగా 50 ఓమ్‌లు ఉన్నాయి. చివర 50 ఉంటే ఐదులో సగం, రెండున్నర వోల్ట్లు వస్తాయి. 25 అయితే 1.67. టీటీఎల్ అనే ఈ రకం డిజిటల్ సిగ్నల్‌లో 2 వోల్ట్లు దాటితే ఒకటి, 0.8 కంటే తగ్గితే సున్నా, మధ్యలో ఉన్నదానికి గ్యారంటీ లేదు. 1.67 ఆ మధ్యలో పడింది. ఒక రిలే దాన్ని చదువుతుంది, పక్క రిలే చదవదు, ఎండెక్కితే ఇంకోటి మానేస్తుంది. సగం రిలేలు ఎందుకు బాగున్నాయన్న నా ప్రశ్నకు జవాబు ఇదే. జంపర్ తీశాక ఓమ్స్ 50 చూపించాయి, పల్సు రెండున్నరకు లేచింది. రిలేలు ఒక్కొక్కటే అలారం వదిలాయి.

ఆయన అక్కడితో బిల్లు రాసి వెళ్ళిపోయినా నేను డబ్బులిచ్చి పంపేవాణ్ణి. వెళ్ళలేదు. “బ్రేకర్ కొట్టినప్పుడు చూడాల సార్” అన్నాడు. కొత్త ఫీడర్ బ్రేకర్‌ను లైన్‌తో సంబంధం లేని టెస్ట్ పొజిషన్‌లోకి లాగించి, చివరి ప్యానెల్ దగ్గర స్కోపు పెట్టుకుని, ఆన్, ఆఫ్ చేయించాడు. బ్రేకర్ కొట్టిన ప్రతిసారీ ప్యానెల్ అదురుతుంది. ఆ అదురుకు తెర మీది గీత ఒక్క క్షణం చదునైపోయేది. టైమ్ ఎప్పుడు ఖచ్చితంగా కావాలో సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోతోందన్నమాట.

టీ కనెక్టర్‌ను ఊపాడు, ఏం లేదు. దాని పక్క ప్లగ్గును ఊపాడు, గీత పోయింది. ఆ ప్లగ్గును కట్ చేసి, హెడ్‌ల్యాంప్ వెలుగులో నాకు చూపించాడు. మా లైన్ మొత్తం 50 ఓమ్‌ల ఆర్‌జీ-58. కొత్త ముక్క మాత్రం సీసీ కెమెరాలకు వాడే 75 ఓమ్‌ల ఆర్‌జీ-59, కెమెరాలు పెట్టినప్పుడు మిగిలింది అయి ఉంటుంది. అది లావు కేబుల్. సన్న కేబుల్ కోసం చేసిన ప్లగ్గులో దూరదు. దూర్చడానికి పైజాలి పోగులు సగం కత్తిరించి, మిగిలినవి మెలితిప్పి లోపలికి తోశారు. అందులో వెంట్రుక లాంటి ఒక పోగు తప్పించుకుని, మధ్య పిన్ను వైపు వంగి ఉంది. గోటితో తాకితే పిన్నుకు తగులుతుంది, వదిలితే విడిపోతుంది. ఆ పోగును ఫొటో తీసి పర్చేజ్ వాళ్ళకు పంపాను. తక్కువ ధరకు ఎవరితో పని చేయించారో వాళ్ళకే తెలియాలి.

ఇంత చిన్న దూరంలో, ఇంత నెమ్మది సిగ్నల్‌కు 75 ఓమ్‌ల కేబుల్ వల్ల పెద్ద నష్టం లేదని, కనెక్టర్ సరిపోకపోవడమే అసలు ముప్పని పెద్దాయనే చెప్పాడు. అయినా ఆ ముక్క పీకేసి ఆర్‌జీ-58 వేశాడు. కనెక్టర్లు తన సంచిలోవే, క్రింపింగ్ టూలూ తనదే.

సిగ్నల్ బాగయ్యాక కొత్త గొడవ మొదలైంది. కొత్త ప్యానెల్‌లోని పవర్ మీటరు అంతవరకూ సింక్ కాక తన టైమ్ తానే చూసుకునేది. ఇప్పుడు సింక్ అయింది, అవుతూనే పగలు 11:42కి రాత్రి 22:42 చూపించింది. సరిగ్గా పదకొండు గంటలు ముందు. పెద్దాయన దాని వంక చూడను కూడా చూడలేదు. “ఇది పాప పని” అని ఫోన్ చేశాడు.

అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. ల్యాప్‌టాప్ తెరుస్తుందేమో అనుకున్నాను. స్కోపు తెరను ఒక ఫ్రేమ్ దగ్గర ఆపి, నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో పల్సుల వెడల్పులు రాసుకుంది. 8, 8, తరువాత 5, 5, 5, 2, మళ్ళీ ఒక 2, తరువాత 5, 5, 2, మళ్ళీ 8. “మొదటి నాలుగు చిన్న అంకె వైపు నుంచి చదవాలి సార్. 1, 2, 4 ఉన్నాయి, 8 లేదు, అంటే 7. మధ్యలో ఉన్న 2 ఖాళీ. తరువాతి మూడు పదుల స్థానం, 1, 2 ఉన్నాయి, అంటే 3. ముప్పై ఏడో సెకను.” అలాగే నిమిషాలు, గంటలు చదివింది. 11:42 అని తేలింది. “క్లాక్ పంపేది మన టైమే. యూటీసీ, అంటే ప్రపంచ ప్రమాణ టైమ్, పంపుతుంటే 6:12 రావాలి” అంది. ఆ తరువాత రోజు సంఖ్య. ఐరిగ్‌లో నెల, తేదీ ఉండవు, జనవరి 1 నుంచి లెక్కే. మే 20 అంటే, లీపు సంవత్సరం కాకపోతే, 140.

తప్పు ఆ తరువాత వచ్చే కంట్రోల్ బిట్లలో ఉంది. మన టైమ్‌కూ యూటీసీకీ మధ్య అయిదున్నర గంటల తేడాను క్లాక్ అక్కడ రాసి పంపుతుంది. 1995 నాటి ఐఈఈఈ 1344 అనే ప్రమాణం పద్ధతిలో, వచ్చిన టైమ్‌కు ఆ తేడాను కలిపితే యూటీసీ వస్తుంది. దాని తరువాత వచ్చిన సీ37.118 పద్ధతిలో తీసేస్తే వస్తుంది. గుర్తు తిరగబడింది. మా క్లాక్ పాత పద్ధతిలో పంపుతోంది, మీటరు కొత్త పద్ధతిలో చదువుతోంది. యూటీసీ కోసం తగ్గాల్సిన అయిదున్నర తగ్గకపోగా చేరింది, మీటరు దాని మీద మన టైమ్ కోసం తన అయిదున్నర కలిపింది. క్లాక్ మెనూలో ఒక్క ఆప్షన్ మార్చింది, మీటరు 11:50 దగ్గరకు వచ్చి నిలబడింది. మార్చే ముందు మా పాత రిలేలు ఆ బిట్లను అసలు చదవవని మాన్యువల్‌లో పేజీ తీసి నాకు చూపించింది. అది నచ్చింది. ఒకటి బాగుచేసి నాలుగు చెడగొట్టేవాళ్ళను చాలామందినే చూశాను.

ఈ ఐరిగ్ అనేది అమెరికాలో క్షిపణి, రాకెట్ పరీక్షా క్షేత్రాల కోసం పుట్టిన కోడ్. మొదటి ప్రమాణం 1960 నాటిది. శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది కాబట్టి మా ఫ్యాక్టరీ కుర్రాళ్ళకు ఈ సంగతి చెబితే కాస్త గౌరవంగా చూస్తున్నారు ఆ నల్ల కేబుల్‌ను. లేకపోతే దాని మీద టవల్ ఆరేసేవాళ్ళు.

ఇక రిపోర్టు. ఏ4 కాగితం మీద చేత్తో గీసిన లైన్ బొమ్మ. ప్రతి ప్యానెల్ దగ్గర ముందు వోల్టేజి, తరువాత వోల్టేజి, ఏ టీ మార్చారు, చివర ఓమ్స్ ఎంత. దస్తూరి డాక్టర్ చీటీకి ఏమాత్రం తీసిపోదు, కానీ ఉండాల్సినదంతా ఉంది. దాన్ని లామినేట్ చేసి క్లాక్ ప్యానెల్ తలుపు లోపల అంటించాం. రేపు ఎవరైనా ఇంకో ఫీడర్ కలిపితే ఓమ్స్ 50 ఉందో లేదో చూసుకోమని కింద ఎర్ర పెన్నుతో రాశాను. విజిట్, కేబుల్, కనెక్టర్లు అన్నీ కలిపి అయిదు వేల లోపే తీసుకున్నారు. దీనికి నేను పూర్తి మార్కులు ఇస్తాను.

మార్కులు కోసేది ఇక్కడ. పెద్దాయన ఫోన్ ఎత్తడు. వాట్సాప్ చూస్తాడు, నీలం టిక్కు పడుతుంది, జవాబు రాదు. జీఎస్టీ బిల్లు కోసం నేను ఇడ్లీ బండి దగ్గర కాపు కాయాల్సి వచ్చింది. గంగమ్మ జాతర వారంలో షాపు తెరవరు. ఆయన వేషం కడతాడట, దాని గురించి అడిగితే మాత్రం ఫోన్‌లోనే గంటసేపు చెబుతాడు. మేలో మాకు గాలివాన, ఆయనకు జాతర. ఏడాది కాంట్రాక్టు రాసుకోమంటే ఒప్పుకోలేదు. “పిలిస్తే వస్తా, పిలవకపోతే మంచిదే కదా” అన్నాడు.

ఆంటెన్నా పని కూడా చేయరు. పైకెక్కడం ఆయనకు మోకాళ్ళ వల్ల కుదరదు, కుర్రాళ్ళను పెట్టుకోలేదు. మా ఆంటెన్నా కేబుల్‌ను కోతులు లాగుతుంటాయి, అది మేమే చూసుకోవాలి. ఏం చూడాలో మాత్రం అమ్మాయి చెప్పి పంపింది. ఆకాశం నలువైపులా కనబడాలి, నీళ్ళ ట్యాంకు నీడన పెట్టొద్దు, కనెక్టర్‌లో వాననీరు దిగకుండా టేపు చుట్టాలి. క్లాక్ మొదటిసారి తన చోటు తెలుసుకోవడానికి నాలుగు ఉపగ్రహాలు కావాలి. చోటు తెలిశాక టైమ్‌కు ఒక్కటి దొరికినా నడుస్తుంది. కాబట్టి పచ్చ లైటు వెలుగుతోందని ఆంటెన్నా బ్రహ్మాండంగా ఉందనుకోవద్దు, మెనూలో ఉపగ్రహాల సంఖ్య చూడాలి.

ఫోన్ సలహాకు డబ్బు తీసుకోరు, అమ్మాయి ఎత్తితే. చిత్తూరు వైపు ఫ్యాక్టరీలో పనిచేసే మా బావమరిదికి క్లాక్ 18 సెకన్లు ముందు నడుస్తోందని తెలిసి నంబరిచ్చాను. “సరిగ్గా 18 అయితే వైరు ముట్టుకోకండి అన్నా. జీపీఎస్ టైమ్, యూటీసీ మధ్య ఇప్పుడున్న తేడా అదే, 2017 జనవరి నుంచి మారలేదు. అవుట్‌పుట్ సెట్టింగ్‌లో జీపీఎస్ అని ఉంటే యూటీసీ చేయండి” అందట. వాళ్ళకు అంతే అయింది. అదే పద్దెనిమిది సెకన్లు క్లాక్ ఆన్ చేసిన కొత్తలో కనబడి, కాసేపటికి పోతే కంగారు పడొద్దని కూడా చెప్పింది. ఉపగ్రహం ఆ లెక్కను పంపే సందేశం పూర్తిగా రావడానికి 12.5 నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు మాకు ఇంకో పని ఉంది. కంట్రోల్ రూమ్ నుంచి దూరంగా కొత్త కంప్రెసర్ షెడ్డు కట్టాం, అక్కడి ప్యానెల్‌కూ ఇదే టైమ్ కావాలి. కోయాక్స్ లాగుదామంటే పెద్దాయన ససేమిరా అన్నాడు. ఆ షెడ్డు ఎర్తింగ్ వేరు, మా ఎర్తింగ్ వేరు. ఫాల్ట్ వచ్చిన క్షణంలో రెండింటి మధ్య వోల్టేజి లేస్తుంది, అదంతా కేబుల్ షీల్డు మీదుగా రిలే పోర్టులోకి వస్తుంది. ఫైబర్ వేయండి, రెండు చివర్లా కన్వర్టర్లు పెట్టండి అంటున్నాడు. మా పర్చేజ్ వాళ్ళకు ఖర్చు నచ్చలేదు, నాకు ఆయన చెప్పిన కారణం నచ్చింది. ఎస్టిమేట్ పంపమన్నాను. వాట్సాప్‌లో నీలం టిక్కు పడింది.